గుర్దిత్ సింగ్: కోర్టు గడప ఎక్కనివ్వని చట్టంతో పోరు

1914 మే 23న కొమగాట మారు ఓడ వాంకూవర్ రేవు చేరేసరికి అందులో 376 మంది ప్రయాణికులున్నారు. దాదాపు అందరూ పంజాబీలే. ఆ ఓడను అద్దెకు తీసుకున్న గుర్దిత్ సింగ్‌ది అమృత్‌సర్ ప్రాంతంలోని సర్హాలీ గ్రామం. మలయా, సింగపూర్‌లలో కాంట్రాక్టులు చేసి నాలుగు డబ్బులు వెనకేసుకున్నారు. అప్పటికే వయసు యాభై దాటింది.

భారత పాస్‌పోర్టు చట్టం వచ్చింది 1920లో. కాబట్టి ఆ ప్రయాణికులు నమ్ముకున్నది బ్రిటిష్ ప్రజలన్న హోదానే. అయితే కెనడా రెండు షరతులు పెట్టింది. సొంత దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా రావాలన్నది మొదటిది. అలా నేరుగా నడిచే ఓడే లేదు గనుక ఉత్తర్వులో ఇండియా పేరు రాయాల్సిన అవసరం పడలేదు. ఆసియావాసి చేతిలో 200 డాలర్లు ఉండాలన్నది రెండోది.

ఈ ఉత్తర్వులు మూల చట్టానికి పొసగడం లేదంటూ 1913 నవంబరులో బ్రిటిష్ కొలంబియా ప్రధాన న్యాయమూర్తి హంటర్ కొందరు భారతీయులను విడిపించారు. గుర్దిత్ సింగ్‌కు ధైర్యమిచ్చింది ఆ తీర్పే. ప్రభుత్వం మాత్రం జనవరికల్లా లొసుగులు పూడ్చి వాటినే తిరగరాసింది. ఏప్రిల్ 4న ఆయన హాంకాంగ్ నుంచి బయల్దేరారు.

రేవులో జరిగిన అసలు తంతు వేరు. తిరస్కరణ ఉత్తర్వు చేతికి వస్తేనే కదా కోర్టుకు వెళ్లేది! అధికారులు ఆ కాగితమే ఇవ్వకుండా వారాల తరబడి విచారణ సాగదీశారు. ఓడలో తిండి, నీళ్లు అడుగంటాయి. చివరికి మున్షీ సింగ్ అనే ప్రయాణికుడి కేసును అందరి తరఫున పరీక్షగా నడపడానికి ఒప్పుకోక తప్పలేదు. 1910 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోని 23వ సెక్షన్ బోర్డు నిర్ణయాల్లో కోర్టులు తలదూర్చకుండా కట్టడి చేసింది. జులై 6న అప్పీలు కోర్టులోని ఐదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా ప్రభుత్వం పక్షానే నిలిచారు. గుర్దిత్ సింగ్‌ను ఒడ్డున కాలు పెట్టనివ్వలేదు.

ఇరవై నాలుగు మందికే ప్రవేశం దొరికింది. జులై 23న యుద్ధనౌక కాపలాతో ఓడను సాగనంపారు. సెప్టెంబరు 29న కలకత్తా సమీపంలోని బజ్‌బజ్‌లో దిగినవారిని బలవంతంగా పంజాబ్ రైలెక్కించబోగా గొడవ రేగింది. పోలీసు కాల్పుల్లో పలువురు ప్రయాణికులు చనిపోయారు. పరాయి గడ్డ మీద కనీసం జడ్జీ ముందు వాదన వినిపించింది. సొంత గడ్డ మీద అదీ లేదు.

గుర్దిత్ సింగ్ తప్పించుకుని ఏడేళ్లు అజ్ఞాతంలో గడిపారు. గాంధీ సలహాతో 1921 నవంబరులో నన్‌కానా సాహిబ్‌లో లొంగిపోయి, జైలుకెళ్లారు. 1952లో బజ్‌బజ్ స్మారకాన్ని నెహ్రూ ఆవిష్కరించారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1954లో, గుర్దిత్ సింగ్ కన్నుమూశారు. కెనడా పార్లమెంటులో ఆ దేశ ప్రధాని క్షమాపణ చెప్పింది 2016లో.