థామస్ యంగ్

థామస్ యంగ్ (జూన్ 13, 1773 - మే 10, 1829) ఇంగ్లాండుకు చెందిన వైద్యుడు, భౌతిక శాస్త్రవేత్త, బహుభాషావేత్త. కాంతి తరంగ స్వభావాన్ని వ్యతికరణ ప్రయోగాల ద్వారా నిరూపించినవాడిగా, ఈజిప్టు చిత్రలిపిని చదవడానికి తొలి ప్రయత్నాలు చేసినవారిలో ఒకడిగా ఇతడు ప్రసిద్ధుడు. స్థితిస్థాపకతకు సంబంధించిన యంగ్ గుణకం ఇతని పేరు మీదనే ఉంది. ఘనపదార్థంపై నిలిచిన ద్రవబిందువు ఆకారాన్ని నిర్ణయించే నియమాన్ని 1805లో ప్రకటించినది కూడా ఇతడే. తామరాకు వంటి సహజ ఉపరితలాలను అనుకరించి నీటి బిందువులను కోరిన దిశలో నడిపించే ఉపరితలాల తయారీకి ఆ నియమమే ఆధారం.

బాల్యం, విద్య

యంగ్ ఇంగ్లాండులోని సోమర్సెట్ ప్రాంతంలో మిల్వర్టన్ అనే ఊరిలో ఒక క్వేకర్ కుటుంబంలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఇతడు పెద్దవాడు. రెండేళ్ళ వయసుకే చదవడం నేర్చాడని చెబుతారు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి గ్రీకు, లాటిన్ భాషలతో పాటు మరికొన్ని ఐరోపా, ఆసియా భాషలతో పరిచయం సంపాదించాడు.

లండన్, ఎడిన్‌బరోలలో వైద్యవిద్య అభ్యసించి, 1796లో జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందాడు. తరువాత కేంబ్రిడ్జిలోని ఇమ్మాన్యుయేల్ కళాశాలలో చేరాడు. 1797లో బంధువైన వైద్యుడు రిచర్డ్ బ్రోకిల్స్‌బీ మరణించగా, అతని ఆస్తిలో కొంత భాగం యంగ్‌కు లభించింది. దీనితో జీవనోపాధి చింత లేకుండా పరిశోధన చేసే వీలు కలిగింది. 1799లో లండన్‌లో వైద్యవృత్తి ప్రారంభించాడు.

కన్ను, కాంతి

దగ్గరి వస్తువులను, దూరపు వస్తువులను స్పష్టంగా చూడడానికి కంటిలోని కటకం తన ఆకారాన్ని మార్చుకుంటుందని యంగ్ 1793లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ప్రతిపాదించాడు. మరుసటి సంవత్సరం, 21 ఏళ్ళ వయసులో, ఆ సంస్థకు సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1801లో తన కన్నునే పరీక్షించుకొని అసమదృష్టి అనే దోషాన్ని వివరించాడు.

1801లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. ఇతని ఉపన్యాసాలలో విషయం ఎక్కువ, వివరణ తక్కువగా ఉండడంతో సామాన్య శ్రోతలకు అవి అంతుపట్టేవి కావు. 1803లో ఆ పదవిని వదలుకున్నాడు. ఆ ఉపన్యాసాలు 1807లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

న్యూటన్ ప్రతిపాదించిన కణసిద్ధాంతానికి భిన్నంగా కాంతి తరంగమని వాదించినందుకు యంగ్ తీవ్రమైన విమర్శకు గురయ్యాడు. ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో హెన్రీ బ్రూమ్ పేరు లేకుండా వ్రాసిన సమీక్షలు ఇతని పరిశోధనను తేలిక చేశాయి. యంగ్ 1804లో సమాధానంగా ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అది ఒక్క ప్రతి మాత్రమే అమ్ముడైందని చెబుతారు. తరువాతి దశాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన ఫ్రెనెల్ పరిశోధనల వల్ల తరంగ సిద్ధాంతానికి ఆదరణ లభించింది.

ద్రవబిందువుల సిద్ధాంతం

ఈ వివాదం నడుస్తున్న రోజులలోనే యంగ్ ద్రవాల సంసంజన బలాలపై ఒక వ్యాసం వ్రాశాడు. అది 1804 డిసెంబరులో రాయల్ సొసైటీలో చదవబడి, 1805లో ప్రచురితమైంది. సన్నని గాజుగొట్టంలో నీరు పైకి ఎగబ్రాకడం, పాదరసం క్రిందికి దిగడం అప్పటికే తెలిసిన విషయాలు. ద్రవం ఉపరితలం బిగించిన పొరవలె ప్రవర్తిస్తుందన్న భావన కూడా ఉంది. ఈ భావనకు యంగ్ ఒక ముఖ్యమైన అంశం జోడించాడు. ఒక ఘనపదార్థాన్ని ఒక ద్రవం తాకినప్పుడు, వాటి మధ్య ఏర్పడే కోణం ఆ జతకు స్థిరంగా ఉంటుందని ప్రతిపాదించాడు. దీనినే స్పర్శకోణం అంటారు.

బిందువు అంచు వద్ద మూడు తలాలు కలుస్తాయి. ఘనానికి గాలికి మధ్య ఒకటి, ఘనానికి ద్రవానికి మధ్య ఒకటి, ద్రవానికి గాలికి మధ్య ఒకటి. ప్రతి తలానికీ దాని తలతన్యత ఉంటుంది. మొదటిది అంచును బయటికి లాగుతుంది. రెండవది లోపలికి లాగుతుంది. మూడవది ద్రవతలం వెంట ఏటవాలుగా లాగుతుంది కనుక దానిలో కొంత భాగమే ఘనతలం వెంట పనిచేస్తుంది. ఈ మూడు లాగుడులు సమానమైన చోట అంచు ఆగుతుంది. కాబట్టి స్పర్శకోణం పదార్థాల స్వభావాన్ని బట్టి ఉంటుంది కాని బిందువు పరిమాణాన్ని బట్టి ఉండదు. శుభ్రమైన గాజుపై నీటి కోణం దాదాపు సున్న కనుక నీరు పరచుకుంటుంది. గాజుపై పాదరసం కోణం సుమారు 140 డిగ్రీలు కనుక అది గుండ్రంగా నిలుస్తుంది.

వంపు తిరిగిన ద్రవతలానికి ఇరువైపులా పీడనం వేరుగా ఉంటుందని కూడా యంగ్ గుర్తించాడు. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఇదే ఫలితాన్ని 1806లో గణితరూపంలో ప్రచురించాడు. అందువల్ల దానికి యంగ్-లాప్లాస్ సమీకరణమని పేరు వచ్చింది. పాఠ్యపుస్తకాలలో యంగ్ సమీకరణంగా కనిపించే సూత్రం మాత్రం అసలు వ్యాసంలో గుర్తులతో లేదు. యంగ్ దానిని మాటలలోనే వివరించాడు. ఈ క్లుప్తమైన, క్లిష్టమైన శైలి వల్ల ఇతని వ్యాసానికి తగిన గుర్తింపు ఆలస్యమైంది. అణుబలాలు పనిచేసే దూరం అంగుళంలో 25 కోట్లవ వంతు ఉంటుందని కూడా యంగ్ అంచనా వేశాడు. ఎవరూ పట్టించుకోని ఈ అంచనాను 1890లో లార్డ్ రేలీ వెలుగులోకి తెచ్చాడు.

చివరి సంవత్సరాలు

1804లో ఎలైజా మాక్స్‌వెల్‌ను వివాహమాడాడు. వీరికి సంతానం లేదు. 1811లో సెయింట్ జార్జి ఆసుపత్రిలో వైద్యుడయ్యాడు. 1814 నుండి రోసెట్టా శిలపై ఉన్న లిపులను పరిశీలించి, 1819లో బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో తన ఫలితాలను ప్రకటించాడు. 1822లో షాంపోలియన్ ఆ లిపి రహస్యాన్ని పూర్తిగా ఛేదించే మార్గం చూపాడు. యంగ్ 1829లో లండన్‌లో 55వ ఏట మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఇతని స్మారక ఫలకం ఉంది.

తరువాతి పరిశోధనలపై ప్రభావం

యంగ్ నియమం నునుపైన, అంతటా ఒకే గుణం గల ఆదర్శ తలానికి వర్తిస్తుంది. నునుపైన తలానికి నీటిని వికర్షించే రసాయనాలు ఎన్ని పూసినా స్పర్శకోణం సుమారు 120 డిగ్రీలు దాటదు. కాని తామరాకుపై అది 150 డిగ్రీల కంటే ఎక్కువ. గరుకుదనం ప్రభావాన్ని 1936లో వెంజెల్, గరుకుతలంలో చిక్కుకున్న గాలి ప్రభావాన్ని 1944లో కాసీ, బాక్స్‌టర్ యంగ్ నియమానికి జోడించారు. తామరాకుపై ఉన్న సూక్ష్మమైన బుడిపెలు, వాటిపై ఉన్న మైనపు పోగుల వల్ల నీటిబిందువు దాదాపు గాలిమీదనే నిలిచి, దొర్లుతూ దుమ్మును తీసుకుపోతుందని జర్మనీ శాస్త్రవేత్తలు బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ 1997లో వివరించారు. నిర్లిప్తతకు ఉపమానంగా తెలుగువారు చెప్పుకొనే తామరాకుపై నీటిబొట్టు వెనుక ఉన్న కారణం ఇదే.

బిందువుకు రెండు వైపులా స్పర్శకోణం వేరుగా ఉంటే లాగుడులు సమానం కావు. అప్పుడు బిందువు కోణం తక్కువగా ఉన్న వైపుకు కదులుతుంది. ఈ సూత్రంతో 1992లో చౌధురి, వైట్‌సైడ్స్ 15 డిగ్రీల వాలుపై నీటిబిందువును ఎగువకు నడిపించారు. 2000లో జపాను శాస్త్రవేత్తలు కాంతికి స్పందించే పూతపై కాంతిని ప్రసరింపజేసి ద్రవబిందువును కదిలించారు. నమీబ్ ఎడారిలోని ఒక పురుగు వీపుపై నీటిని ఆకర్షించే బుడిపెలు, వాటి మధ్య నీటిని వికర్షించే మైనపు పల్లాలు ఉండి పొగమంచు నుండి నీటిని సేకరిస్తాయని 2001లో ప్రకటించారు.

వాస్తవ ఉపరితలంపై బిందువు ముందుకు సాగేటప్పుడు ఉండే కోణం, వెనుకకు తగ్గేటప్పుడు ఉండే కోణం ఒకటి కావు. కిటికీ అద్దంపై వానచినుకు జారకుండా అంటుకొని ఉండడానికి ఈ తేడాయే కారణం. గులాబీ రేకుపై నీటిబిందువు తామరాకుపై వలె గుండ్రంగా ఉన్నా, రేకును తలక్రిందులు చేసినా రాలదు. అందువల్ల ఒక ఉపరితలాన్ని పరీక్షించేటప్పుడు యంగ్ చెప్పిన కోణంతో పాటు ఈ రెండు కోణాలను కూడా కొలుస్తారు.