చిత్రకారుడు దామెర్ల రామారావు

నిడదవోలు నుండి రాజమహేంద్రవరమునకు రైలుబండిలో పోవువారికి కొవ్వూరు దాటినంతనే అఖండ గోదావరి కన్నుల నిండుగా కనబడును. ఆ తావున నదిపై మొట్టమొదట కట్టిన రైలువంతెనకు హేవలాకు వంతెన యని పేరు. 56 ఖానాలు గల ఆ వంతెన పని 1897లో ప్రారంభమై 1900లో ముగిసెను. ఇంచుమించు నూరేండ్లు బండ్లను మోసి అది 1997లో విశ్రాంతి పొందినది. వంతెన పని ఆరంభమైన సంవత్సరముననే, మార్చి 8వ తేదీన, నదికి ఆవలి గట్టుననున్న రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు జన్మించెను. ఆ వంతెనకు లభించిన ఆయువులో మూడవ వంతైనను ఆయనకు లభింపలేదు. అయినను తెలుగుదేశమున ఆధునిక చిత్రకళను గూర్చి ప్రస్తావన వచ్చినపుడెల్ల ఆయన పేరు ముందుగా చెప్పబడుచున్నది.

రామారావు తండ్రి వైద్యుడు. కుటుంబము గౌరవము గలది. బాలునకు చిన్ననాటనే బొమ్మలు వ్రాయుటయందు మిక్కుటమైన మక్కువ కలిగెను. చేతికి పలుగాక చిక్కినను, పెన్సిలు చిక్కినను కంటికి కనబడినదెల్ల కాగితముపైకి దిగవలసినదే. ఇట్టి మక్కువ పిల్లలలో పలువురకుండును. పెద్దవారైన కొలది అది చాలమందిలో అణగిపోవును. రామారావునందు అది అణగలేదు. అణగకుండుటకు ఆయన పట్టుదల యొక కారణము. సమయమునకు లభించిన సాయము మరియొక కారణము.

ఆ దినములలో గోదావరి మండలమున చిత్రకళను జీవనోపాధిగా గైకొనుట ఎంత సాహసమో గ్రహించిననేగాని ఆ సాయము యొక్క విలువ తెలియదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప కాలువల క్రింద మాగాణులు పండి పల్లెలలో సిరి పెరిగెను. ఆ సిరితో పిల్లలు ఇంగ్లీషు చదువులు చదివి వకీళ్లును, వైద్యులును, గుమాస్తాలును, ఉపాధ్యాయులును అగుచుండిరి. కుమారుని చిత్రలేఖనము నేర్చుకొనుటకు పంపు తండ్రులు మిక్కిలి అరుదు. ప్రజలకు బొమ్మలన్న ప్రీతి లేకపోలేదు. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయము నెలకొల్పిన నాటినుండి ఆయన చిత్రముల అచ్చుప్రతులు దేశమంతట గోడల నెక్కెను. లక్ష్మియు, సరస్వతియు ఆయన వ్రాసిన రూపములతోనే ఇండ్ల వెలసిరి. కాని ఎక్కడనో అచ్చైన బొమ్మను కొద్దిపాటి వెలకు కొనుక్కొన్న గృహస్థుడు తన ఊరి చిత్రకారునకు రూపాయలు లెక్కించి ఏల ఇచ్చును? ఊరి చిత్రకారునకు మిగిలినవి నాటకముల తెరలకు రంగులు పూయుట, ధనవంతుల ముఖచిత్రములు వ్రాయుట, లేదా బడిలో డ్రాయింగు మాష్టరు ఉద్యోగము. అంతకు మించి ఎదుగవలెనన్న శిక్షణ కావలెను. ఆ శిక్షణ దూరదేశమున నుండెను. దానికి ధనము కావలెను.

రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ఆనాడు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాచార్యుడుగా నుండెను. ఆయన స్వయముగా చిత్రములు వ్రాయుటయు, కవిత్వము చెప్పుటయు తెలిసినవాడు. గోదావరి తీరము ఆయన మనస్సును దోచుకొనెను. దక్షిణభారత దేశమున తాను గడపిన దినములను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము తరువాత 1924లో ప్రకటింపబడినది. పాలకజాతికి చెందిన అధికారియైనను కూల్డ్రే తన విద్యార్థులకు దొరవలె గాక గురువువలె మెలగెను. ఎవరియందు ఏ విద్య మొలకెత్తుచున్నదో కనిపెట్టి దానికి నీరు పోయుటయే ఆయన వ్రతము. భీమవరము నుండి వచ్చిన అడివి బాపిరాజునందు కవిని, చిత్రకారుని చూచెను. కవికొండల వేంకటరావు కూడ ఆయన ప్రోత్సాహము పొందినవాడే. బాపిరాజు అటుపిమ్మట నవలాకారుడై గోన గన్నారెడ్డి కథ వ్రాసెను. కాకతి రుద్రమదేవి కాలపు కథ యది. రుద్రమదేవి భర్తయైన చాళుక్య వీరభద్రుడు నిడదవోలు రాకుమారుడే. గోదావరి మండలమునకు తన పూర్వచరిత్రపై మరల చూపు నిలిపిన తరములో ఈ మిత్రులందరు చేరియుండిరి.

కూల్డ్రే దృష్టి రామారావు చిత్రములపై పడెను. మెచ్చుకొని ఊరకుండిన కథ అంతటితో ముగిసెడిది. మెచ్చుకోలు పలువురు చేయుదురు. కూల్డ్రే ఆ బాలునకు కావలసినదేమో ఆలోచించి, ఉత్తమ శిక్షణ దొరకునట్టి బొంబాయిలోని సర్ జె. జె. చిత్రకళాశాలకు పంపుటకు పూనుకొనెను. అందులకు ధనసాయము కూడ చేసెను. బొంబాయిలో చదువన్న జీతము మాత్రమే కాదు. బస, భోజనము, రంగులు, కుంచెలు, గుడ్డ, కాగితము—అన్నిటికిని వ్యయము కలదు. చిత్రకళాభ్యాసమున వస్తువుల వ్యయము ఇతర విద్యలలోకంటె హెచ్చు. వ్రాసిన ప్రతి బొమ్మయు కొంత సొమ్మును మ్రింగును. అమ్ముడుపోవునట్టి బొమ్మ వ్రాయుటకు ముందు ఎన్నో బొమ్మలు పాడుచేయవలెను.

1916లో రామారావు బొంబాయి చేరెను. కళాశాల ప్రధానాచార్యుడైన సెసిల్ బరన్స్ ఈ తెలుగు యువకుడు తెచ్చిన చిత్రములను చూచి ఆశ్చర్యపడి, తొలి తరగతులతో పనిలేదని పై తరగతిలోనే చేర్చుకొనెను.

ఆ కళాశాల పుట్టుక కూడ తెలిసికొనదగినదే. జంషెడ్జీ జీజీభాయి యను పారసీ వర్తకుడు 1853లో లక్షరూపాయల విరాళము ప్రకటింపగా ఆ ధనముతో 1857లో అది స్థాపింపబడెను. చిత్రలేఖనముతోపాటు కుండల పని, చెక్కడపు పని, లోహపు పని మొదలగు వృత్తులు నేర్పి యువకులకు బ్రతుకుతెరువు చూపుట దాని ఉద్దేశ్యములలో నొకటి. జాన్ గ్రిఫిత్స్ అను ఆచార్యుడు తన విద్యార్థులను అజంతా గుహలకు గొనిపోయి, 1872 మొదలు పలు సంవత్సరములు శ్రమించి, అచ్చటి గోడచిత్రములకు ప్రతులు వ్రాయించెను. పాశ్చాత్య పద్ధతిని నేర్పు కళాశాలలోనే భారతీయ ప్రాచీనచిత్రముల పరిచయము ఇట్లు కలిగెను. రామారావు విద్యార్థిగా నుండగనే, 1919లో, సజీవులైన మనుష్యులను ఎదుట నిలిపి వారి రూపమును వ్రాయు అభ్యాసము అచ్చట ప్రవేశపెట్టబడెను. శరీరపు ఎముకల అమరిక, కండరముల పొంగు, వెలుగునీడల తీరు ఆయన చేతికి లొంగెను. 1920లో ఆయన ప్రథముడుగా ఉత్తీర్ణుడై వెలువడెను.

పట్టము పుచ్చుకొన్న పిదప రామారావు కొంతకాలము గుజరాతు, కాఠియవాడ ప్రాంతములలో సంచరించి అచ్చటి పశుపాలకుల వేషములను, ముఖకవళికలను, నడకలను పుస్తకములలో వ్రాసికొనెను. అంతటి పనివాడు బొంబాయిలోనే నిలిచియుండిన, ధనికుల ఆశ్రయము దొరకుట కష్టము కాదు. ఆయన రాజమహేంద్రవరమునకు మరలివచ్చెను.

ఆ కాలమున భారతీయ చిత్రకళ రెండు దారుల నడచుచుండెను. కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు, ఆయన శిష్యులు అజంతా, మొగలు చిత్రములను ఆదర్శముగా గొని, పలుచని రంగులతో, వంపులు దిరిగిన రేఖలతో స్వప్నమువంటి చిత్రములు వ్రాయుచుండిరి. బందరు జాతీయ కళాశాలలో ఆ మార్గమునే ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు నేర్పెను. బాపిరాజు అచ్చటనే ఆయనకు శిష్యుడయ్యెను. బొంబాయివారు కన్ను చూచినది చూచినట్లు, లోతును గుండ్రదనమును తోచునట్లు వ్రాయు పాశ్చాత్య పద్ధతిని విడువలేదు. ఈ రెండు పక్షములకును నడుమ వాదము తీవ్రముగా సాగెను. రామారావు వాదములో దిగక రెండింటినుండియు తనకు కావలసినది గ్రహించెను. శరీరనిర్మాణము బొంబాయి నేర్పినది. కథయు, భావమును, మనుష్యుల కట్టుబొట్టును ఈ నేలవి. ఆయన పుష్పాలంకారము, నందిపూజ, సిద్ధార్థ రాగోదయము మున్నగు చిత్రములలోని స్త్రీపురుషులు పరదేశపు బొమ్మలకు చీరలు చుట్టినట్లుండరు. గోదావరిని, తూర్పు కనుమలను ఆయన నీటిరంగులలో పదేపదే చిత్రించెను. నీటిరంగు తడబాటును సహింపదు. ఒకసారి కాగితముపై పడిన దానిని తుడుచుట కష్టము. ఆయన చేయి తడబడలేదు.

1922లో కలకత్తాలో జరిగిన ప్రాచ్య చిత్రకళా ప్రదర్శనమున ఆయన వ్రాసిన ఋష్యశృంగ బంధనమను చిత్రమునకు వైస్రాయి బహుమతి లభించెను. అంగదేశమున అనావృష్టి కలుగగా, స్త్రీముఖ మెరుగని మునికుమారుని వారాంగనలు మాయచేసి రాజధానికి గొనిపోయిన కథ రామాయణమున కలదు. ఆ కథయే ఈ చిత్రమునకు వస్తువు. వంగదేశపు కళాకోవిదుల నడుమ ఒక తెలుగు చిత్రకారునకు అట్టి గౌరవము దక్కుట నాడు చిన్న విషయము కాదు.

బహుమతి పొందిన మరుసటి సంవత్సరమే, 1923లో, రామారావు రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించెను. భారతీయ చిత్రకళ కొఱకు ఒక ఆంధ్ర సంఘమును కూడ నెలకొల్పెను. తాను బొంబాయి పోవుటకు ఒక దొర దయ కావలసివచ్చెను. ప్రతి పిల్లవానికి ఒక కూల్డ్రే దొరకడు. ప్రతి పిల్లవాడు ఇల్లు విడిచి వేయి మైళ్ల దూరము పోలేడు. ఊరిలోనే శిక్షణ దొరకవలెను. బొంబాయి కళాశాల వెనుక ఒక వర్తకుని లక్షరూపాయలుండెను. రాజమహేంద్రవరము కళాశాల వెనుక నున్నవి ఇరువదియారేండ్ల యువకుని పనితనము, వరదా వేంకటరత్నము మొదలగు మిత్రుల పూనిక.

ఈ కళాశాల విషయమున మరియొక విశేషము కలదు. రామారావు భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రలేఖనము నభ్యసించి చిత్రకారిణులైరి. స్త్రీలు చదువుకొనుటయే అరుదైన దినములలో వారు కుంచె పట్టుట అపూర్వము. తన విద్యను ఇంటి గడప లోపల ఒకతీరుగను, వెలుపల మరియొకతీరుగను ఆయన పంచిపెట్టలేదు.

1924లో లండను దాపున వెంబ్లీలో జరిగిన మహాప్రదర్శనమునకు ఆయన చిత్రములు వెళ్లెను. పేరు దేశాంతరములకు ప్రాకుచుండెను. చేతినిండ పని యుండెను. శిష్యులు చేరుచుండిరి. ఆ సమయముననే ఆయనకు మశూచి సోకెను. ఆ వ్యాధికి టీకా ఇంగ్లండులో 1796లోనే కనుగొనబడినను, మన దేశమున ఏటేట అది వేలకొలది ప్రాణములను హరించుచుండెను. అది భూమండలమునుండియే తొలగిపోయినదని ప్రకటించుటకు 1980 వరకు వేచియుండవలసివచ్చెను. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు కన్నుమూసెను. ఆయనకు ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు ఇంకను ఒక నెల మిగిలియుండెను. కళాశాల వయస్సు రెండేండ్లు.

ఇట్టి సంస్థలు సామాన్యముగా స్థాపకునితోనే అంతరించును. గురువు లేడు, నిధి లేదు, మిగిలినవి చిత్రములు. అవి అమ్మివేసిన కొంత ధనము వచ్చెడిది. పది ఇండ్ల గోడలపై చెదరి, పదేండ్లలో ఎవరిది ఏదియో తెలియకపోయెడిది. భార్య, చెల్లెలు, మిత్రులు అందుకు ఒప్పుకొనలేదు. 34 తైలవర్ణ చిత్రములు, 129 నీటిరంగుల చిత్రములు, 28 చిత్తు పుస్తకములు—ఇన్నిటిని ఒక్కచోట చేర్చి కాపాడిరి. పుస్తకములలోని గీతలు కూడ వారికి అమూల్యములే. నేర్చుకొనువానికి ముగిసిన చిత్రముకంటె ముగియని గీతయే ఎక్కువ చెప్పును.

వరదా వేంకటరత్నము కళాశాల భారమును తన భుజములపై వేసికొనెను. తానును మంచి చిత్రకారుడయ్యు, తన కాలములో హెచ్చుభాగమును మిత్రుని పేరిట పిల్లలకు రేఖలు దిద్దించుటకు వినియోగించెను. ఏండ్ల తరబడి ఆయన చేసిన ఆ సేవ లేనిచో రామారావు పేరు నేడు ఎందరికి తెలిసియుండెడిదో చెప్పలేము. క్రమముగా కళాశాలకు జోడుగా దామెర్ల రామారావు స్మారక చిత్రప్రదర్శనశాల ఏర్పడెను. తరువాతి కాలమున ప్రభుత్వము దాని పోషణను స్వీకరించెను. రామారావు చిత్రములు నేటికిని రాజమహేంద్రవరమున ఆ ప్రదర్శనశాలలోనే యున్నవి.