చెరకు నుంచి సైలెంట్ వ్యాలీ దాకా: జానకి అమ్మాళ్ లెక్కించిన క్రోమోజోములు

భారతదేశపు చెరకును తియ్యగా మార్చిన శాస్త్రవేత్తగా ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. ఆ మాట సగమే నిజం. తీపి చెరకుకూ రెల్లుగడ్డికీ సంకరం చేసి పుట్టించిన ‘కో 205’ రకం 1918 నాటికే రైతులకు అందింది. ఆమె కోయంబత్తూరు చెరకు ప్రజనన కేంద్రంలో చేరింది 1934లో. ఆమె అసలు కృషి వేరు. ఈ మొక్కల కణాల్లో ఏం జరుగుతోందో, ఏ మొక్క దేనికి చుట్టమో క్రోమోజోముల ఆధారంగా తేల్చడం ఆమె పని.

జానకి 1897లో మలబారు ప్రాంతంలోని తలశ్శేరిలో పుట్టారు. తండ్రి సబ్ జడ్జి. కుటుంబం తీయ కులానికి చెందినది. ఆ కులాన్ని అప్పటి సమాజం తక్కువగా చూసేది. మద్రాసులో చదువుకుని అక్కడే అధ్యాపకురాలైన ఆమె, ఆసియా మహిళలకిచ్చే బార్బర్ స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1931లో అక్కడే డాక్టరేట్ పొందారు. పెళ్లి చేసుకోలేదు.

కోయంబత్తూరులో ఆమె చెరకును మొక్కజొన్నతో సైతం సంకరం చేశారు. వేర్వేరు ప్రజాతుల మధ్య ఇలాంటి కలయిక అరుదు. రెల్లుగడ్డిలో క్రోమోజోముల సంఖ్య ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా, 40 నుంచి 128 దాకా ఉంటుంది. మొండి నేలను, తెగుళ్లను తట్టుకునే గుణం చెరకుకు ఆ గడ్డి నుంచే వచ్చింది. అందుకే ఈ లెక్కలు ప్రజననకారులకు అవసరం.

1940లో ఆమె లండన్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థలో చేరి, యుద్ధకాలమంతా ఇంగ్లండ్‌లోనే పనిచేశారు. సి.డి. డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాస్‌ను 1945లో వెలువరించారు. తర్వాత విస్లీ ఉద్యానవనంలో కాల్చిసిన్‌తో ప్రయోగాలు చేశారు. కణ విభజన సమయంలో క్రోమోజోములను రెండు వైపులకూ లాగే పోగులు ఏర్పడకుండా ఈ రసాయనం అడ్డుకుంటుంది. క్రోమోజోములు రెట్టింపవుతాయి గానీ కణం రెండుగా చీలదు. అలాంటి మొక్కలకు తరచుగా ఆకులు మందంగా, పూలు పెద్దవిగా వస్తాయి. ఒక మాగ్నోలియా రకానికి ఇప్పటికీ ఆమె పేరే ఉంది.

నెహ్రూ ఆహ్వానంతో 1951లో స్వదేశానికి తిరిగివచ్చి, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా పునర్వ్యవస్థీకరణ బాధ్యత తీసుకున్నారు. భూమిపై మనిషి ప్రభావం గురించి 1955లో ప్రిన్స్‌టన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు ఆహ్వానం అందిన ఏకైక మహిళ ఆమె. అక్కడ భారతీయుల జీవనాధార వ్యవసాయంపై మాట్లాడారు.

కేరళలో కుంతిపుళ నదిపై విద్యుత్ ప్రాజెక్టు కోసం సైలెంట్ వ్యాలీ అడవిని ముంచేందుకు ప్రభుత్వం సిద్ధపడినప్పుడు ఆమె వయసు ఎనభై దాటింది. మొక్కలను మెరుగుపరిచే విద్యలో ఆరితేరిన మనిషి, మెరుగుపరచాల్సిన అవసరమే లేని అడవి పక్షాన నిలిచారు. ఆ లోయ చెట్ల క్రోమోజోములను సర్వే చేసే పనికి పూనుకున్నారు. అడవి మునిగిపోతే అందులోని జన్యు సంపద ఏ ప్రయోగశాలలోనూ తిరిగి తయారుకాదని ఆమెకు తెలుసు.

1984 ఫిబ్రవరిలో మద్రాసు సమీపంలోని మదురవాయల్‌లో ఆమె కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో సైలెంట్ వ్యాలీని జాతీయ పార్కుగా ప్రకటించారు.