మ్యాపు లేని రోజుల్లో కాశీ దాకా: ఏనుగుల వీరాస్వామి దారి లెక్క

విశాఖ సీతమ్మధార పక్కనే గురుద్వారా జంక్షన్ మీదుగా జాతీయ రహదారి పోతుంది. ఒక వైపు వెళ్తే చెన్నై, ఇంకో వైపు వెళ్తే కోల్‌కతా. ఇప్పుడు ఆ దారి పట్టేవాళ్లకు పెద్దగా దిగులు ఉండదు. ఫోన్ దారి చూపిస్తుంది, ఆకలేస్తే ధాబా ఉంటుంది, డబ్బు అయిపోతే ఏటీఎం ఉంటుంది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఇదే తీరం వెంబడి ఒక పెద్ద పరివారం కాలినడకన, పల్లకీల్లో దక్షిణానికి వెళ్లింది. అప్పటికే వాళ్లు ఏడాదికి పైగా ప్రయాణంలో ఉన్నారు. చేతిలో మ్యాపు లేదు. రేపు బియ్యం ఎక్కడ దొరుకుతుందో ముందే చెప్పే పుస్తకం కూడా లేదు. ఆ పుస్తకాన్ని వాళ్ల యజమానే రాసుకుంటూ వచ్చారు. ఆయనే ఏనుగుల వీరాస్వామి.

కచేరీ ద్విభాషి

వీరాస్వామి సుమారు 1780 ప్రాంతంలో పుట్టారు. ఆయన మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంవాడు. ఆ ఊరిని అప్పట్లో చెన్నపట్నం అనేవాళ్లు. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లు చాలా తక్కువ. ఈయన మాత్రం పిల్లవాడిగా ఉన్నప్పుడే నేర్చుకుని, కంపెనీవారి కొలువుల్లో పనికి కుదిరారు. చివరికి మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషి అయ్యారు. తెల్లదొర జడ్జీలకు, మన ఫిర్యాదుదారులకు మధ్య మాట దాటించడమే ఆయన ఉద్యోగం. ఒక్క మాట తప్పితే ఒకరి ఆస్తో, ప్రాణమో పోయే చోటు అది. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు రాసే అలవాటు ఆయనకు ఆ కచేరీలోనే బాగా పట్టుబడి ఉంటుంది.

1830 మే 18, మంగళవారం రాత్రి ఆయన మద్రాసు విడిచి మొదటి మజిలీగా మాధవరం చేరారు. కుటుంబం, బంధువులు, పల్లకీ బోయీలు, నౌకర్లు అందరూ కలిసి దాదాపు వంద మంది. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరారు. తిరుగు దారిలో పాట్నా, గయ, కలకత్తా, పూరీ చూసుకుని గంజాం, శ్రీకాకుళం, విశాఖ, రాజమండ్రి, నెల్లూరు మీదుగా వచ్చారు. 1831 సెప్టెంబరు 3న మళ్లీ మద్రాసులో అడుగుపెట్టారు. మొత్తం పదిహేను నెలల పదిహేను రోజులు. రైలు మన దేశానికి వచ్చింది 1853లో. అంటే ఈ ప్రయాణం అంతా కాళ్ల మీద, భుజాల మీద, ఎడ్ల మీద, కొంత పడవల మీద సాగిందే.

వంద మందికి అన్నం

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడాలి. మనిషికి రోజుకు అరకిలో బియ్యం అనుకున్నా, వంద మందికి యాభై కిలోలు. పది రోజులకు అర టన్ను. పప్పు, ఉప్పు, నూనె, వంటచెరకు, ఎడ్లకు మేత వేరే. ఇదంతా మోసుకుపోదామంటే మోసేవాళ్లకు మళ్లీ తిండి కావాలి. కాబట్టి ఇంటి నుంచి మూటకట్టుకుని వెళ్లడం కుదరని పని. ఎక్కడికక్కడ కొనుక్కోవాల్సిందే. కొనాలంటే ఏ ఊళ్లో అంగళ్లు ఉన్నాయో, ఏ ఊళ్లో లేవో ముందే తెలియాలి. తెలియకుండా అడుగు వేస్తే ఆ రాత్రి వంద మంది పస్తే.

వీరాస్వామి పుస్తకం నిండా ఉన్నది ఈ లెక్కే. ప్రతి మజిలీ దగ్గర ఆయన చూసినవి దాదాపు ఒకటే వరస. ముందటి ఊరికి, ఈ ఊరికి దూరం ఎంత? దారి ఇసకా, రాయా, రేగడ బురదా? నీళ్లు బావివా, చెరువువా, ఏటివా? దిగడానికి సత్రం ఉందా, లేకపోతే డేరా వేసుకోవడానికి నీడనిచ్చే తోపు ఉందా? అంగళ్లలో అన్నీ దొరుకుతాయా, కొన్నే దొరుకుతాయా? ఈ వివరాల పక్కనే గుడుల సంగతి, పంటల సంగతి, అక్కడి మనుషుల నడవడి కూడా ఉంటాయి. దేవుడి దర్శనానికి బయలుదేరిన మనిషి ఉప్పూ చింతపండూ దొరికే చోటును కూడా అంతే శ్రద్ధగా రాసుకున్నారు. వెనక వచ్చేవాళ్లకు రెండూ కావాలని ఆయనకు తెలుసు.

మరి అప్పటికి మ్యాపులు అసలే లేవా అంటే, ఉన్నాయి. జేమ్స్ రెన్నెల్ అనే ఆంగ్లేయుడు 1780లలోనే హిందుస్తాన్ మ్యాపు అచ్చు వేయించారు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే దేశం నడిబొడ్డు దాకా వచ్చింది. ఆయన 1823లో నాగపూరు వెళ్తూ హింగన్‌ఘాట్‌లో చనిపోయారు. అయితే అవన్నీ సర్కారు పనికి, సైన్యం పనికి గీసినవి. రేగడ నేలలో వానాకాలం ఎన్ని గంటలు ఎక్కువ పడుతుందో, ఏ ఊరి కోమటి దగ్గర పిండి దొరుకుతుందో వాటిలో ఉండదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఎదురుగా వచ్చే బాటసారులు, పల్లెల్లోని జనం, బోయీలు. వాళ్ల నోటి మాటే అసలు మ్యాపు. ఆ మాటను కాగితం మీద పెట్టడమే వీరాస్వామి చేసిన పెద్ద పని.

నాలుగు సర్కార్లు, నాలుగు నాణేలు

డబ్బు ఇంకో చిక్కు. కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చింది 1835లో, అంటే ఈ ప్రయాణం అయిపోయిన నాలుగేళ్లకు. 1830లో మద్రాసు దాటి నిజాం రాజ్యంలోకి, అక్కడి నుంచి నాగపూరు భోంస్లేల రాజ్యంలోకి, ఆ తర్వాత రీవా రాజుల ఇలాకాలోకి వెళ్లే మనిషి చేతిలో నాణెం మారుతూ ఉండాలి. మార్చిన ప్రతిసారీ సరాఫుకు వట్టం ఇచ్చుకోవాలి. నగదు ఎక్కువ మోస్తే దొంగల భయం, తక్కువ ఉంటే అన్నం భయం. అందుకే ఆ కాలంలో దూరం పోయేవాళ్లు సాహుకార్ల హుండీల మీద ఆధారపడేవాళ్లు. ఒక ఊళ్లో సొమ్ము కట్టి చీటీ తీసుకుంటే, ముందరి పెద్ద ఊళ్లో చూపించి నగదు తీసుకోవచ్చు.

భయం ఉత్తదేమీ కాదు. నాగపూరు, జబల్‌పూరు వైపు దారులు ఠగ్గులకు పేరుపడ్డవి. బాటసారులతో స్నేహంగా కలిసి నడిచి, అదను చూసి ప్రాణం తీసేవాళ్లు. వాళ్ల మీద స్లీమన్ దొర చేసిన వేట ఆ ఏళ్లలోనే ఊపందుకుంది. వంద మంది గుంపుగా వెళ్లడం ఆడంబరం కోసమే అనుకోనక్కర్లేదు. అప్పట్లో గుంపే ఒక కాపలా.

హైదరాబాదు మజిలీ

ఆయన హైదరాబాదు వచ్చేసరికి నాసిరుద్దౌలా నిజాం గద్దె ఎక్కి ఏడాదే అయింది. రాజ్య వ్యవహారం చందూలాల్ చేతిలో ఉంది. మద్రాసు కంపెనీ కచేరీల పద్ధతికి అలవాటుపడ్డ వీరాస్వామికి ఇక్కడి తీరు చాలా చోట్ల నచ్చలేదు. జమీందార్ల తగవులు, దారి భద్రత విషయంలో ఆయన చూపు కటువుగానే ఉంది. చదివేటప్పుడు ఆయన కంపెనీ ఉద్యోగి అన్న సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. అయినా నగరాన్ని, బజార్లను, జనాన్ని ఆయన తీరిగ్గా చూసి రాశారు. ఆనాటి హైదరాబాదు గురించి ఒక తెలుగువాడు తెలుగులో రాసిపెట్టిన ఇంత వివరం అరుదు.

ఉర్దూ తెలుగు రెండూ ఇంట్లో వినపడే కుటుంబాలకు ఈ పుస్తకంలో ఇంకో రుచి ఉంది. మజిలీ అన్న మాట అరబీ మంజిల్ నుంచి వచ్చింది. రహదారి ఫారసీ మాట. ఈ రోజు దానికి రోడ్డు అని అర్థం, అప్పట్లో దారి సుంకానికి, దారి అనుమతి చీటీకి కూడా ఆ పేరే. సరాఫు, బజారు, డేరా, సవారీ, ఖర్చు, నౌకరు, కచేరీ, తాలూకా, జమీందారు, అన్నీ ఆ దారుల మీద తిరిగిన మాటలే. వీరాస్వామి వాటిని ఏరి పారేయలేదు. దారిలో ఎలా పలికేవాళ్లో అలాగే వాడారు. ప్రయాణాల తెలుగు అంతా ఇలా కలిసి పెరిగిందే.

అచ్చు చూడని రచయిత

దారి పొడవునా రాసినదాన్ని ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చారు. 1836లో వీరాస్వామి కన్నుమూశారు. రెండేళ్లకు, 1838లో, శ్రీనివాస పిళ్లె ఆ రాతలను కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చు వేయించారు. తెలుగులో తొలి యాత్రా గ్రంథంగా దానికి పేరు. ఆ తర్వాత వంద ఏళ్లకు దిగవల్లి వెంకట శివరావు దాన్ని పరిష్కరించి 1941లో మళ్లీ తెచ్చారు. ఈ తరం చదవగలుగుతున్నది ఎక్కువగా ఆయన శ్రమ వల్లే.

పుస్తకం విలువ దారి చూపడంతో ఆగలేదు. వీరాస్వామి తీరం వెంబడి ఇంటికి వచ్చిన మరుసటి ఏడాదే గుంటూరు సీమను పెద్ద కరువు పట్టుకుంది. 1832, 33ల నాటి ఆ కరువులో లెక్కలేనంత మంది చనిపోయారు, ఎన్నో పల్లెలు ఖాళీ అయ్యాయి. ఆయన దిగిన చెరువులు, సరుకులు కొన్న అంగళ్లు కరువుకు ముందు ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యం ఆ రాతల్లో మిగిలింది. తన వెనక వచ్చే యాత్రికుడు ఆకలితో ఇబ్బంది పడకూడదని రాసుకున్న సరుకుల లెక్క, చివరికి ఆ పల్లెలకే చరిత్ర అయింది.

ఈ రోజు కొండలెక్కే కుర్రాళ్లు, ఊళ్లు దాటి నడిచే యాత్రికులు తమ తర్వాత వచ్చేవాళ్ల కోసం నీళ్లు ఎక్కడ ఉన్నాయి, దుకాణం ఎంత దూరం అని రాసిపెడుతుంటారు. తెలుగులో ఆ పనికి పెద్దన్న ఏనుగుల వీరాస్వామి.