రోగశరీరి, నిఘంటుకర్త: శామ్యూల్ జాన్సన్

ఆంగ్లభాషకు మహానిఘంటువును సమకూర్చిన శామ్యూల్ జాన్సన్ పేరు కళాశాలలో చదివిన వారెల్లరు వినినదే. ఆయన పాండిత్యము, వాదపటిమ, చతురసంభాషణ లోకవిదితములు. అయితే పూర్ణారోగ్యముతో గడపిన దినములు ఆయనకు మిక్కిలి అరుదన్న సంగతి అంతగా ప్రచారములోనికి రాలేదు.

1709వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ పట్టణమున ఒక పుస్తకవిక్రేత యింట జాన్సన్ జన్మించెను. అప్పటికి తల్లికి నలువది యేండ్లు. ప్రసవము కష్టమయ్యెను; పుట్టిన శిశువు కొంతసేపు ఏడువనైన లేదు. దాదిపాలతో పెరుగుచుండగనే గండమాల సోకెను. మెడలోని గ్రంథులను పట్టు క్షయవ్యాధి యిది. దాని మూలమున ఎడమకంటి చూపు దాదాపుగా పోయెను. ఎడమచెవికి వినికిడి తగ్గెను. శస్త్రచికిత్స మచ్చలు మెడపై జీవితాంతము నిలిచిపోయెను. రాజహస్తము సోకినచో ఈ వ్యాధి నయమగునని ఆ దేశమున నాడొక విశ్వాసము. 1712లో తల్లి రెండున్నరయేండ్ల బిడ్డను లండనునకు గొనిపోయి ఆన్ రాణిచే స్పృశింపజేసెను. రాణి యిచ్చిన బంగారునాణెమును జాన్సన్ తుదివరకు మెడలో ధరించెను. వ్యాధి మాత్రము కుదురలేదు. మన పల్లెలలో తాయెత్తు కట్టించి బిడ్డను ఒడిలో నుంచుకొను తల్లికిని, ఆ తల్లికిని భేదమేమున్నది?

శరీరబాధ కంటెను ఆయనను ఎక్కువగా వేధించినది మనోవిషాదము. తండ్రికిని ఈ జాడ్యము కలదు. అది తనకు పితృదత్తమని కుమారుని నమ్మకము. 1728లో ఆక్స్‌ఫర్డులోని పెంబ్రోక్ కళాశాలలో చేరిన జాన్సన్, పదమూడు మాసములకే దారిద్ర్యము వలన చదువు విడిచి యింటికి మరలెను. అంతట చీకటి క్రమ్మెను. ఊరి గడియారమువంక చూచుచు గంట యెంతయైనదో పోల్చుకొనలేనంతటి మాంద్యము. మనస్సును మరల్చుటకై బర్మింగ్‌హామ్ వరకు నడచిపోయి, నడచియే తిరిగి వచ్చుచుండెను. రాకపోకలు కలిసి ముప్పది మైళ్లకు పైమాటే. తుదకు తన స్థితినంతయు లాటిన్ భాషలో వ్రాసి, జ్ఞానస్నానమున తనకు ధర్మపితగా నిలిచిన స్విన్‌ఫెన్ అను వైద్యునకు సమర్పించెను. ఆ వైద్యుడు శైలికి మురిసి దానిని పదిమందికి చూపెను! దురుద్దేశము లేకపోవచ్చును, కాని ఆ తరువాత జాన్సన్ ఆయనతో మనస్ఫూర్తిగా కలియలేదు. గుట్టు విప్పి చెప్పుకొన్న రోగికి జరిగిన అపచారములలో దీనిని మొదటి వరుసన చేర్పవలెనని నా అభిప్రాయము.

ముఖము వంకరలు పోవుట, అవయవములు అదరుట, దారిలోని స్తంభములను వరుసగా తాకుచు నడచుట, గడప దాటునపుడు అడుగులు సరిచూచుకొనుట మొదలగు చేష్టలును ఆయనకు కలవు. 1885లో టూరెట్ అను ఫ్రెంచి వైద్యుడు వివరించిన నాడీవ్యాధియే యిదియని నేటి వైద్యులలో పలువురి నిర్ణయము. ఆనాడు మాత్రము చూచినవారు నవ్విరి. బడిపంతులు ఉద్యోగములు తప్పిపోయెను. 1735లో తనకంటె ఇరువదియేండ్లు పెద్దదియగు వితంతువును పెండ్లాడి, ఆమె ధనముతో పాఠశాల తెఱచెను, అదియు సాగలేదు. 1737లో గారిక్ అను శిష్యునితో లండను చేరెను. అచ్చట ఒక మిత్రుని యింట హోగార్త్ అను చిత్రకారుడు ఈయన ఊగులాటను చూచి, ఎవరో మతిలేనివానిని ఆ గృహస్థుడు దయతో పోషించుచున్నాడని తలచెను. అంతలో జాన్సన్ నోరు విప్పెను, చిత్రకారుడు నిశ్చేష్టుడయ్యెను.

1746లో నిఘంటురచనకు ఒడంబడిక కుదిరెను. మూడేండ్లలో ముగింతుననుకొన్న పని ఇంచుమించు తొమ్మిదేండ్లు పట్టెను. గఫ్ స్క్వేర్ వీధిలోని యింటి పైయంతస్తులో ఆరుగురు లేఖకులతో పని సాగెను. నడుమ 1752లో భార్య మరణించెను. 1755లో వెలువడిన ఆ గ్రంథమున 42 వేలకు పైగా పదములును, లక్షకు పైగా ప్రయోగోదాహరణములును కలవు.

ఇంతటి పనిచేసినవాడు తన్ను తాను ఏమని భావించుకొనెను? సోమరియని! ఆయన దినచర్యలు చదువ మనస్సు కలుక్కుమనును. నూతన సంవత్సరాదికి, ఈస్టరు పండుగకు, పుట్టినరోజునకు అవే ప్రతిజ్ఞలు: ఎనిమిది గంటలకైన లేవవలెను, క్రమముగా చదువవలెను. మరుసటి యేట అవి నెరవేరలేదని పశ్చాత్తాపము. రోగమును దోషముగా నెంచి తన్ను తానే నిందించుకొనెను. మనమును అట్లే కదా! జ్వరమునకు సెలవడుగ సంకోచింపము. మనస్సు క్రుంగి లేవలేకపోయినవానిని మాత్రము బద్ధకస్తుడందుము.

1766లో ఈ వ్యాధి మిక్కిలి ముదిరెను. మతి చలించునేమోయని ఆయన భయపడెను. థ్రేల్ దంపతులు ఆ స్థితి చూచి తమ స్ట్రెథామ్ గృహమునకు గొనిపోయి మాసముల తరబడి సాకిరి. ఆ యిల్లు పదునారేండ్లపాటు ఆయనకు రెండవ యిల్లయ్యెను. ఆయన కనుగొన్న మందులును అట్టివే: స్నేహితులతో కూడిక, గణితము, రసాయనప్రయోగములు. ఏకాంతము, తీరిక రెండును ఒక్కచోట చేరరాదని ఆయన మతము. 1764లో రెనాల్డ్స్‌తో కూడి స్థాపించిన మిత్రగోష్ఠిలో 1773లో చేరిన విలియం జోన్సే తరువాత కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీని నెలకొల్పిన మహనీయుడు.

స్వగృహమునను ఆయన ఒంటరిగా లేడు. అంధురాలగు కవయిత్రి అన్నా విలియమ్స్, బీదలకు వైద్యముచేయు లెవెట్, జమైకాలో బానిసగా పుట్టి స్వేచ్ఛ పొందిన ఫ్రాన్సిస్ బార్బర్ ఆయన యింటనే యుండిరి. వారిలో వారికి నిత్యకలహములు. అయినను ఒక్కరినైన ఆయన వెడలగొట్టలేదు.

1783 జూనులో ఒక రాత్రి పక్షవాతమున మాట పడిపోయెను. మతి నిలిచినదో లేదో తెలిసికొనుటకై వెంటనే లాటిన్ పద్యములలో ఒక ప్రార్థన కట్టి చూచుకొనెను. పద్యములు చక్కగా రాలేదని ఆయనకే తెలిసెను. అట్లు తెలియుటతో బుద్ధి చెడలేదని ధైర్యము తెచ్చుకొనెను. మాట తిరిగి వచ్చెను గాని, ఉబ్బసము, వాతము, నీరుపట్టు ఒకదాని వెంట నొకటి క్రుంగదీసెను. మనస్సు తేటగా నుండవలెనని తుదిదినములలో మత్తుమందులను నిరాకరించెను. 1784 డిసెంబరు 13వ తేదీన మరణించెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేసిరి. ఏటేట 70 పౌనుల వర్షాశనమును, ఆస్తిలో అధికభాగమును బార్బర్‌కు చెందునట్లు మరణశాసనము వ్రాసి యుండెను.