తాళ్లపాక అన్నమాచార్యులు: పదరచనకు గురుపీఠము

నందవరము మన మూలస్థానము. బనగానపల్లె చెంతనున్న ఆ గ్రామమున శ్రీ చౌడేశ్వరీదేవి వెలసి యున్నది. నందచక్రవర్తి కాశీవాసులగు బ్రాహ్మణులకు వాగ్దానము చేసి మరచెననియు, ఆ మాటకు సాక్ష్యము పలుకుటకై దేవియే కాశినుండి తరలి వచ్చెననియు మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. అట్లు నందవరీకులని పేరుగాంచిన మన శాఖవారు నంద్యాల, ఆళ్లగడ్డ సీమలనుండి కడప మండలము వరకును, అటుపైని కన్నడ దేశమునకును వ్యాపించిరి. ఆ వ్యాప్తిలో పొత్తపినాటి తాళ్లపాక చేరిన ఒక ఇంట ఋగ్వేదులును, ఆశ్వలాయన సూత్రులును, భారద్వాజస గోత్రులునగు నారాయణసూరి, లక్కమాంబ యను దంపతులకు అన్నమయ్య జనించెను. ఆ మహనీయుని గూర్చి నాలుగు మాటలు ఈ సభాసంచికలో వ్రాయుట మాకు భాగ్యము.

అన్నమయ్యగారి భక్తిని గూర్చి వ్రాసినవారు పెక్కురు. మేము వేరొక తెన్నున పోదలచితిమి. నేడు సంగీత కళాశాలలలో రచనను, గానమును బోధించు ఆచార్యులు ఆ పీఠము నెక్కుటకు ముందు ఏ వృత్తిలో నుండిరని విచారింపగా చిత్రమైన విషయములు తెలియుచున్నవి. 1919లో విజయనగరమున గానపాఠశాల వెలసినపుడు దానికి ప్రథమాధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకులు; కాలికి గజ్జెకట్టి ఊరూర కథ చెప్పి జీవించినవారు. 1936లో ఆ స్థానమునకు వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పాఠశాలకు విద్యార్థిగా చేరబోయి, ఫిడేలు వినిపించినంతనే అధ్యాపకులుగా నియమింపబడిరని ప్రసిద్ధి. మన కర్నూలుననే స్థిరపడి, 2013లో నూరేండ్లకు చేరువై పరమపదించిన శ్రీపాద పినాకపాణిగారు వైద్యులు. వైద్య కళాశాలలో ఆచార్యులు. రోగులను చూచిన చేతులతోనే స్వరము వ్రాసి, సంగీత కళాశాలల నేలిన నేదునూరి కృష్ణమూర్తిగారి వంటి శిష్యులను తీర్చిరి. కావున పాట కట్టుట నేర్పువాడు పాటశాలనుండియే రావలెనను నియమము తెలుగునాట ఏనాడును లేదు. ఈ వరుసకు మొదట నిలిచినవాడు, తెలుగుదేశమున పదరచనకు లక్షణగ్రంథము వ్రాసిన మొదటి వాగ్గేయకారుడు మన అన్నమయ్య. అతని వృత్తి యేమి? ఎచ్చట నేర్చెను? ఎవరి కూడు తినెను?

అన్నమయ్య మనుమడు చిన్నన్న యనబడు తిరువేంగళనాథుడు ద్విపదలో తాత చరిత్రమును రచించెను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని పరిష్కరించి విపులమైన పీఠికతో వెలువరించిరి. చదువని వారు తప్పక చదువవలెను. అందు భక్తిగాథలతోపాటు ఇంటి ముచ్చట్లును కలవు. అన్నమయ్య పితామహుడు నారాయణయ్య బాల్యమున చదువబ్బక, ఊటుకూరున గురువుల దండనకు తాళలేక, చింతలమ్మ గుడిలోని పుట్టలో చేయిడి పాముకాటున చావదలచెనట. అమ్మవారు ప్రత్యక్షమై మూడవ తరమున హరిభక్తుడు పుట్టునని చెప్పి యూరడించెనట. చదువురాని తాతకు ఇంతటి మనుమడు కలిగెనని చెప్పుకొనుటకు ఆ వంశమువారు సిగ్గుపడలేదు. ఈ యొక్క సంగతివలననే చిన్నన్న సత్యసంధతయందు మాకు గురి కలిగినది.

అన్నమయ్య బాల్యము సేద్యపుటింటి బాల్యము. ఉమ్మడి కుటుంబమున పనిపాటలు చేయక పాడుచు తిరుగు బాలుడు అందరికిని బరువయ్యెను. వదినెలు సణిగిరి, అన్నలు గద్దించిరి. పసులకు గడ్డి తెమ్మని కొడవలి యిచ్చి పంపిరి. గడ్డి కోయుచుండగా వ్రేలు తెగెను. ఆ నెత్తురు చూచి ఏడ్చుచున్న బాలునికి తిరుపతి యాత్రకు పాడుచు పోవు సంకీర్తనపరుల గుంపు కనబడెను. కొడవలి నచ్చటనే పారవైచి వారి వెంట నడచెను. ఇదియే పదకవితాపితామహుని మొదటి వృత్తియు, దానికి అతడిచ్చిన రాజీనామాయు. మోకాళ్లమెట్ట చెంత చెప్పులు విడువక కొండనెక్కి, అలసి పడియుండగా అలమేలుమంగ కనికరించి ప్రసాదము పెట్టెననియు, అప్పుడే ఆ తల్లిపై శతకము చెప్పెననియు చరిత్రము. తిరుమలలో ఘనవిష్ణువను వైష్ణవయతి అతనికి పంచసంస్కారములొనర్చెను.

ఇచ్చట మన శాఖవారు కొంత ఆగి ఆలోచింపవలసి యున్నది. నందవరీకులు స్మార్తులు. అన్నమయ్య ఆ మార్గమును వీడి శ్రీవైష్ణవుడయ్యెను. అటుపైని అతని వంశీయులందరును ఆచార్యులై వైష్ణవులలో కలసిపోయిరి. పరమాత్మ యెదుట కులభేదములు నిలువవని అతడు ఎలుగెత్తి పాడెను. అట్టివానిని ఒక శాఖవారు తమవాడని సంచికలో చిత్తరువు వేసికొనుట న్యాయమా యని ప్రశ్నించువారు మనలోనే కలరు. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. అతడు మన యింట పుట్టెను, మన యింటిని దాటి పోయెను, రెండును నిజములే. రెండవదానిని మరుగుపరచి మొదటిదానిని చాటుకొనుట మాకు సమ్మతము కాదు.

కొండనుండి ఇలు చేరిన అన్నమయ్యకు తిమ్మక్క యను తిరుమలమ్మతోను, అక్కలమ్మతోను వివాహమయ్యెను. పిమ్మట అతడు అహోబిలమునకు వచ్చెను. ఆళ్లగడ్డవాసులు గర్వింపదగిన ఘట్టమిది. నల్లమల నడుమ, భవనాశిని తీరమున, నవనారసింహులు వెలసిన ఆ క్షేత్రమున 1398లో వెలసినదని చెప్పబడు అహోబిలమఠమునకు ప్రథమ పీఠాధిపతి ఆదివన్ శఠకోపయతి. మేలుకోటలో పుట్టి, కంచిలో చదివి, నరసింహుని ఆజ్ఞయని ఈ యడవులకు వచ్చినవాడు. అతనియొద్ద అన్నమయ్య వేదాంతశాస్త్రమును అభ్యసించెను. శఠకోపయతి గాయకుడుగా ప్రసిద్ధుడు కాడు. అయినను అన్నమయ్య పాటకు అతడు చేసిన మేలు తక్కువది కాదని మా యభిప్రాయము. పన్నిద్దరాళ్వారుల ద్రావిడ ప్రబంధము ఆ మఠమున నిత్యము అనుసంధింపబడునది. దేశభాషలో పాడిన పాటకు వేదముతో సమానమైన మన్నన కలుగుట అన్నమయ్య కన్నులార చూచినది ఆ సంప్రదాయముననే గదా! తమిళమునకు చెల్లినది తెలుగునకు ఏల చెల్లదను తలంపు అహోబిలపు చదువుననే బలపడి యుండును. అహోబల నారసింహునిపై అతడు పాడిన పాటలు అనేకములు నేటికిని నిలిచియున్నవి.

తరువాతి ఘట్టము రాజాస్థానము. టంగుటూరు నేలుచున్న సాళువ నరసింగరాయడు అన్నమయ్యను ఆదరించి తనయొద్ద నిలుపుకొనెను. ఈ నరసింహుడే పిదప పెనుగొండ నేలి, 1485లో విజయనగర సింహాసనము నాక్రమించెను. రాజు ఒకనాడు అన్నమయ్య శృంగారపదమును విని ముగ్ధుడై, అట్టిది తనపై నొకటి చెప్పుమనెను. హరిని పొగడిన నోట నరుని పొగడనని అన్నమయ్య చెవులు మూసికొనెను. రాజు కోపించి మూరురాయరగండ యను సంకెల తొడిగించెను. అన్నమయ్య పాడగా సంకెల ఊడిపడెననియు, రాజు పాదములపై బడెననియు చిన్నన్న వ్రాసెను. సంకెల ఊడిన విధమును భక్తులు భక్తులుగా నమ్ముదురు గాక. మాకు అంతకన్న విలువైనది సంకెలకు ముందటి మాట. రాజు పెట్టిన కూడు తినుచు, రాజు కోరిన పాటను కాదనుట చిన్న సంగతి కాదు. నెలజీతమునకు లోబడిన కళాకారులు ఈ సన్నివేశమును వేయిమారులు తలచుకొనదగును. అది మొదలు అతడు ఆస్థానమును విడిచి తిరుమలనే ఆశ్రయించెను.

తిరుమలలో అతని జీవితము ఒక్కటే పని. రాగిరేకులలో మొదటి రేకున చెక్కిన వ్రాత ననుసరించి శాలివాహన శకము 1346, క్రోధి సంవత్సరమున, అనగా 1424లో, తన పదునారవ యేట స్వామి సాక్షాత్కారమైనది మొదలు సంకీర్తనలు చెప్ప నారంభించెను. శకము 1424, దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి, అనగా 1503 ఫిబ్రవరి 23వ తేదీన, పరమపదించెను. ఈ లెక్కననే జననము 1408 అని తేలుచున్నది. చెప్పిన సంకీర్తనలు 32,000 అని మనుమని మాట. డెబ్బదియెనిమిదేండ్లకు పైబడిన ఆ కాలమునకు పంచిచూడగా దినమునకొకటికి మించును. లభించినవి సుమారు 12,000 మాత్రమే. పల్లవి, సాధారణముగా మూడు చరణములు, తుదిని వేంకటేశ్వర ముద్ర. ఈ చట్రములో అతడు వేదాంతమును, సరసమును, సంతను, సేద్యమును, లాలిని, జాజరను, సువ్విని, గొబ్బిని ఇమిడ్చెను. పల్లెలో గడ్డి కోయునపుడు విన్న యాసయు, అహోబిలమున చదివిన శాస్త్రమును, టంగుటూరున ఎరిగిన రాజసమును ఒక్క గొంతున పలుకుటచేతనే ఆ పదములు ఇతరుల వానివలె నుండవు.

పురందరదాసుతో అతనికి సమాగమము కలిగెనని చిన్నన్న చెప్పుచున్నాడు. పురందరుడు 1484 ప్రాంతమున జనించెనందురు గావున అది వృద్ధునకును యువకునకును కలిగిన సమాగమమై యుండవలెను. రత్నవర్తకము విడిచి దాసుడైనవాడొకడు, కొడవలి విడిచి దాసుడైనవాడొకడు. కర్ణాటక సంగీతమునకు పిల్లల పాఠములు కూర్చెనని మొదటివానికి కీర్తి, పదరచనకు శాస్త్రము వ్రాసెనని రెండవవానికి కీర్తి.

ఆ శాస్త్రమే సంకీర్తన లక్షణము. అన్నమయ్య దీనిని సంస్కృతమున రచించెను. కుమారుడు పెదతిరుమలాచార్యుడు సంస్కృతముననే దానికి వ్యాఖ్య వ్రాసెను. పెదతిరుమలయ్య కొడుకు చినతిరుమలాచార్యుడు దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మూలమును వ్యాఖ్యయు నశించినవి. తెలుగు మాత్రము మిగిలినది. పదమునకు అంగములెవ్వి, యతిప్రాసలు ఎట్లు పాటింపవలెను, లోకవ్యవహారమందలి మాటలు పదములలో ఎంతవరకు చెల్లును అను విషయములు అందు విచారింపబడినవి. పద్యమునకు గ్రామ్యము దోషమని పండితులు పట్టుబట్టు కాలమున, పదమునకు వేరు ధర్మము కలదని శాస్త్రముగా చెప్పుటకు సాహసము కావలెను. ఇది కేవలము పాడినవాడు చేయగల పని కాదు. ఇతరులకు నేర్పవలెనని తలచినవాడు మాత్రమే చేయగల పని.

నేర్పుట ఊరక పోలేదు. భార్య తిమ్మక్క మంజరీద్విపదలో సుభద్రాకల్యాణము రచించి తెలుగు కవయిత్రులలో ప్రథమురాలని పేరొందెను. పెదతిరుమలయ్య, చినతిరుమలయ్య వేలకొలదిగా సంకీర్తనలు చెప్పిరి. ఒక యిల్లు మూడుతరములు పదరచనా పాఠశాలగా నడచుట తెలుగుదేశమున మరియొకచోట మేము వినలేదు. అచ్యుతదేవరాయల కాలమున పెదతిరుమలయ్య ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండారమను అరలో భద్రపరచెను. తండ్రి పాటలకు తనయుడు చేసిన ఈ ఋణవిమోచనము లేనియెడల నేడు మనకు అన్నమయ్య పేరే మిగిలియుండును.

అయినను రాగిరేకులు కాపాడినది మాటను మాత్రమే. రేకులపై రాగము పేరు కలదు, స్వరము లేదు. కొండమలహరి, తెలుగుకాంబోది, ఆబాలి మున్నగు రాగముల నడక నేడు తెలిసినవారు లేరు. 1922 ప్రాంతమున దేవస్థాన శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషిచే రేకులు వెలుగునకు వచ్చిన పిమ్మట, పాటకు మరల ప్రాణము పోయవలసిన భారము నేటివారిపై పడెను. ఆ భారము నెత్తుకొన్నవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అగ్రగణ్యులు. అనంతపురము మండలమున పుట్టిన వీరు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు ఆచార్యులు. బిడారం కృష్ణప్పగారియొద్ద సంగీతము నేర్చినవారు. అన్నమయ్య పదములకు స్వరరచన చేయుటకు సాహిత్యాచార్యుడు దొరకుట ఆ పదముల అదృష్టము. అనంతరము నేదునూరివారు మొదలైన కళాశాలాచార్యులు ఆ పని కొనసాగించిరి. ఆ బాణీలు అన్నమయ్యవి కావు, మంచివి మాత్రము అగును. వినువారు ఈ భేదమును మరువరాదు.

ఇక మన శాఖవారికి ఒక విన్నపము. సంస్కృత సంకీర్తన లక్షణము, దాని వ్యాఖ్య, అన్నమయ్య ద్విపద రామాయణము, అతని శతకములలో వేంకటేశ్వర శతకము తక్క తక్కినవి, ఇంతవరకు దొరకలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె ప్రాంతములలో మన పూర్వుల యిండ్ల అటుకలపై తాటాకు కట్టలు ఇంకను కలవు. పుష్కరమునకొకమారు దుమ్ము దులిపి మరల కట్టిపెట్టువారు కొందరు. ఇల్లు పడగొట్టి మిద్దె కట్టునపుడు ఏటిలో కలుపువారు కొందరు. అట్లు కలుపుటకు ముందు చదువగలవారికి ఒక్కమారు చూపుడు. తాళ్లపాకవారి పేరు కనబడిన కట్టను తిరుపతి పండితులకైనను, సమీపమున నున్న తెలుగు ఆచార్యులకైనను అందజేయుడు.