అగాధ జలములను శోధించిన వైద్యుడు

కోనసీమ నైరుతి మూలన, అంతర్వేదికడ, వశిష్ఠ గోదావరి సముద్రమున కలియును. వరద దినములలో ఎఱ్ఱని నదీజలము నీలి కడలిలోనికి చాల దూరము చొచ్చుకొనిపోవును. పల్లెకారులు తరతరములుగా ఆ నీటిలో వలలు వేసి బ్రదుకుచున్నారు. తీరమును విడిచి కొంత దూరము పోయినచో సముద్రపుటడుగు వేగముగా దిగిపోవును. ఆ లోతులలోనికి సూర్యరశ్మి చొరదు. బంగాళాఖాతమున ఆ చీకటి మాటున ఏమున్నదో తెలిసికొనుటకు తొలినాళ్ళలో శ్రమించిన వారిలో ముఖ్యుడు ఆల్ఫ్రెడ్ విలియం ఆల్కాక్.

ఆల్కాక్ 1859 జూన్ 23వ తేదీన బొంబాయిలో జన్మించెను. ఆయన తండ్రి నౌకాధిపతి. ఆల్కాక్ ఇంగ్లండులో చదువుకొనుచుండగా, 1876లో తండ్రికి గొప్ప ధననష్టము కలిగి, చదువు నడుమ నిలిచిపోయెను. పదునేడేండ్ల బాలుడు జీవనోపాధికై భారతదేశమునకు వచ్చి, వయనాడులో కాఫీ తోటల పనిలో చేరెను. అచ్చట నిలదొక్కుకొనలేక కలకత్తాకు పోయెను. పిమ్మట డార్జిలింగులోని ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఇన్ని తిరుగుళ్ళలోను ఆయన శాస్త్రగ్రంథములు చదువుట మానలేదు. 1881లో స్వదేశమునకు మరలి, ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున చేరి, 1885లో వైద్యపట్టమును పొందెను. అదే సంవత్సరము ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించెను.

ఆ కాలమున భారత తీరములను కొలిచి పటములు గీయుటకు ‘ఇన్వెస్టిగేటర్’ అను చక్రపు పొగయోడ యుండెను. అందు వైద్యుడే ప్రకృతి శాస్త్రజ్ఞుడుగను పనిచేయవలెను. 1888లో ఆల్కాక్ ఆ పదవిని స్వీకరించి, 1892 వరకు నిర్వహించెను. ఓడకు ముఖ్యకార్యము తీరములను కొలుచుట. లోతునీటి శోధనకు చిక్కినవి ఒక చోటినుండి మరియొక చోటికి పోవునప్పటి కొద్ది దినములు మాత్రమే. ఆ కొద్ది దినములనే ఆయన సద్వినియోగము చేసికొనెను.

నాటి పద్ధతి మిక్కిలి కష్టమైనది. మొదట సన్నని ఉక్కుతీగకు బరువు కట్టి దించి లోతు తెలిసికొనుచుండిరి. లోతును బారలలో లెక్కించెడివారు. ఒక బార ఆరడుగులు. పిమ్మట ఈడ్పువలను దించి, ఓడను మెల్లగా నడిపి, తిరిగి పైకి లాగుచుండిరి. వేయి బారల లోతున ఈ పనికి గంటల కొలది కాలము పట్టెడిది. తీగ తెగినచో వలయు శ్రమయు సముద్రము పాలగును. వల చక్కగా వచ్చినను మరియొక చిక్కు కలదు. లోతున పది మీటర్లకొక వాయుపీడనము చొప్పున నీటి ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడికి అలవాటుపడిన చేపలు పైకి వచ్చునప్పటికి పలుమారు గ్రుడ్లు వెలికురికి, పొలుసులూడి, చచ్చియుండెడివి. జీవించియున్న అగాధమును ఆల్కాక్ ఏనాడును చూడలేదు.

అయినను ఆయన నిరాశ చెందలేదు. చచ్చిన చేప కడుపును కోసి అది దేనిని తినుచున్నదో కనుగొనెను. కొన్నింటి దేహములపై వెలుగునిచ్చు అవయవములను, కొన్నింటి పెద్ద కన్నులను, మఱికొన్నింటి క్షీణించిన కన్నులను పరిశీలించి, చీకటిలో అవి బ్రదుకు తీరును ఊహించెను. వానకాలమున ఓడ నిలిచియున్నప్పుడు కలకత్తా మ్యూజియమున కూర్చుండి, తెచ్చిన జీవులను వర్గీకరించుచుండెను. ఒక జాతి టేకు చేప తన పిల్లలను గర్భమునందే పాలవంటి ద్రవముతో పోషించుచున్నదని వుడ్ మేసన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి 1891లో వెల్లడించెను.

1893లో ఆల్కాక్ ఆ మ్యూజియమునకు అధ్యక్షుడయ్యెను. భారత సముద్రముల లోతునీటి చేపలను గూర్చి 1899లో గొప్ప పట్టికను ప్రకటించెను. 1901లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. తన నౌకాయాత్రలను 1902లో గ్రంథముగా వెలువరించెను. తరువాత లండనులో ఉష్ణదేశ వైద్యమును బోధించి, 1933 మార్చి 24వ తేదీన మరణించెను.

నేడు కాలము మారినది. 2006లో కృష్ణా గోదావరి తీరముల కెదుట సముద్రగర్భమును తొలిచి, మంచువలె గడ్డకట్టిన మీథేను నిక్షేపములను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి ‘రోసబ్ 6000’ అను యంత్రము 2010లో హిందూ మహాసముద్రమున 5,289 మీటర్ల లోతునకు దిగెను. దానిలో మనుష్యుడుండడు. ఓడపైనివారు పొడవైన తీగద్వారా దానిని నడుపుదురు. దాని దీపములును కెమేరాలును అగాధపు జీవులను అవి యున్నచోటనే, ప్రాణముతో చూపగలవు.

ఆల్కాక్‌కు దక్కని దృశ్యము ఈనాటివారికి దక్కినది. ఐనను యంత్రము చూపినదానిని అర్థము చేసికొనవలసినది మనుష్యుడే. చిరిగిన వలలో చిక్కిన చచ్చిన చేపనుండి ఒక లోకమును గ్రహించిన ఆ ఓర్పు లేనిచో, ఎంత వెలుగు ప్రసరించినను అగాధము చీకటిగనే యుండును.